పొలిమేర పలక మీద పొలిమేర ఏదీ?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అయిపోయి ఫాకియర్ కౌంటీ మొదలయ్యే చోట రోడ్డు పక్కన పెట్టే చరిత్ర పలక చూడటానికి మామూలుగానే ఉంటుంది. వెండి రంగు మీద నల్ల అక్షరాలు, నెత్తిన రాష్ట్ర ముద్ర, కింద ఒకే ఒక్క గుంజ. తేడా ఒక్కటే. మామూలు చరిత్ర పలకకు రెండు వైపులా ఒకే మాట ఉంటుంది. సరిహద్దు పలకకు అలా కాదు. అటు పోయేవాడికి ఫాకియర్ సంగతి, ఇటు వచ్చేవాడికి లౌడన్ సంగతి చెబుతుంది. అడుగు పెట్టబోతున్న కౌంటీ పేరు ఎదురుగా కనిపించాలని ఆ ఏర్పాటు. వర్జీనియాలో ప్రతి పలకకూ ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన ఒక అంకె ఇస్తారు. ఏ దారిలో ఉందో, ఏ ప్రాంతానిదో అక్షరాన్ని బట్టి తెలుస్తుంది. సరిహద్దు పలకల వంతుకు వచ్చింది చిట్టచివరి అక్షరం, జెడ్.

లౌడన్ వైపు పాత పాఠంలో ఉన్నవి నాలుగు ముక్కలు. వైశాల్యం ఇన్ని చదరపు మైళ్ళు. 1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి ఏర్పడింది. పేరుకు మాత్రమే వర్జీనియా గవర్నరుగా ఉన్న లార్డ్ లౌడన్ పేరు పెట్టారు. అధ్యక్షుడు జేమ్స్ మన్రో ఇల్లు ఓక్ హిల్ ఈ కౌంటీలోనే ఉంది. ఫాకియర్ వైపుదీ అదే అచ్చు. 1759లో ప్రిన్స్ విలియం నుంచి ఏర్పడింది, గవర్నరు ఫ్రాన్సిస్ ఫాకియర్ పేరు పెట్టారు (అక్కడివాళ్ళు పలికితే మన చెవికి 'ఫకీరు' అనే వినిపిస్తుంది), సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఈ కౌంటీలో పుట్టాడు.

ఇందులో దేనికి విలువ ఎక్కువ? పెద్దమనుషుల పేర్లకని పలకలు పెట్టినవాళ్ళు అనుకున్నారు. ఆగి చదివేవాళ్ళలో చాలామందీ అలాగే అనుకుంటారు. నాకు మాత్రం 'ఫలానా కౌంటీ నుంచి ఏర్పడింది' అన్న ఆ చిన్న ముక్కే పలక మొత్తానికీ ప్రాణం అనిపిస్తుంది. పొలిమేరలో నిలబెట్టిన పలక పొలిమేర గురించి చెప్పాలి. మిగతాది పలక మీద ఖాళీ మిగిలింది కదా అని నింపిన సరుకు.

మార్షల్ పుట్టిన కౌంటీ

నింపిన సరుకుతో వచ్చే చిక్కు చూడండి. జాన్ మార్షల్ పుట్టింది 1755 సెప్టెంబరు 24న, జర్మన్‌టౌన్ దగ్గర. ఫాకియర్ కౌంటీ ఏర్పడింది 1759లో. అంటే ఆయన పుట్టేనాటికి ఆ కౌంటీయే లేదు. ఆయన పుట్టింది ప్రిన్స్ విలియం కౌంటీలో. ఒకే పలక మీద, నాలుగు వరుసల ఎడంలో, కౌంటీ పుట్టిన సంవత్సరమూ ఉంది, ఆ కౌంటీలో పుట్టాడన్న మాటా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే రెండోది నిలవదు.

తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ముప్పై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవై ఆరయ్యాయి. అప్పటి నుంచి మన పత్రికలు జాగ్రత్తగా 'ఉమ్మడి నల్గొండ జిల్లా' అనో, 'అప్పటి తూర్పు గోదావరి, ఇప్పటి కోనసీమ' అనో రాస్తున్నాయి. ఆ 'ఉమ్మడి', ఆ 'అప్పటి' లేకపోతే వాక్యం అబద్ధమైపోతుందని విలేఖరికి తెలుసు. 'ఇప్పుడు ఈ కౌంటీగా ఉన్న చోట' అని ఫాకియర్ పలక మీద రాస్తే సరిపోయేది. నాలుగు మాటలు పెరిగేవి. పోత పోసే పలక మీద నాలుగు మాటలకు ఖరీదు ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఓక్ హిల్ విషయంలో అబద్ధమేమీ లేదు. మన్రో ఇల్లు లౌడన్‌లోనే ఉంది, ఆల్డీకి దగ్గర్లో. కానీ అది సరిహద్దు దగ్గర నిలబడి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. ఇంటి గురించిన పలక ఇంటి ముందు ఉండాలి. చరిత్ర పలకకు ఉన్న బలమల్లా 'ఇక్కడే' అన్న మాట. 'ఈ కౌంటీలో ఎక్కడో' అనేసరికి ఆ బలం సగానికి పడిపోతుంది. అయిదు వందల చదరపు మైళ్ళ పైచిలుకు ఉన్న కౌంటీలో ఎక్కడని వెతుక్కోవాలి?

లింకు డాక్యుమెంట్లు

'ఫలానా కౌంటీ నుంచి ఏర్పడింది' అన్న ముక్క ఎందుకు పనికొస్తుంది? పొలం కొన్న ప్రతి తెలుగువాడికీ లింకు డాక్యుమెంట్ల సంగతి తెలుసు. ఇప్పటి రిజిస్ట్రారు ఆఫీసులో దొరికేది కొంత కాలం వరకే. అంతకు ముందువి కావాలంటే ఆ ఊరు అప్పుడు ఏ ఆఫీసు కింద ఉండేదో తెలియాలి. వర్జీనియాలోనూ కథ అదే. అక్కడ దస్తావేజులు, వీలునామాలు, కోర్టు తీర్పుల పుస్తకాలు కౌంటీ కోర్టు గుమస్తా దగ్గర ఉంటాయి. కౌంటీ చీలినప్పుడు కొత్త కౌంటీ కొత్త పుస్తకం తెరుస్తుంది. పాత పుస్తకాలు పాత కౌంటీలోనే ఉండిపోతాయి.

ఇప్పుడు లౌడన్‌లో ఉన్న ఒక పొలం చరిత్ర వెనక్కి లాగాలనుకోండి. 1757 నుంచి ఇటువి లౌడన్ కచేరీ ఉన్న లీస్‌బర్గ్‌లో దొరుకుతాయి. 1757కి ముందువి కావాలంటే ఫెయిర్‌ఫాక్స్‌కు పోవాలి. ఫెయిర్‌ఫాక్స్ 1742లో ప్రిన్స్ విలియం నుంచి వచ్చింది. ప్రిన్స్ విలియం 1731లో స్టాఫర్డ్, కింగ్ జార్జ్ కౌంటీల నుంచి వచ్చింది. స్టాఫర్డ్ 1664లో వెస్ట్‌మోర్లాండ్ నుంచి, అది 1653లో నార్తంబర్లాండ్ నుంచి. పొలం అంగుళం కదల్లేదు, కచేరీ మాత్రం ఇన్ని చోట్లకు మారింది. వంశవృక్షం వెతికేవాళ్ళు మొట్టమొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. లౌడన్ పుస్తకాల్లో 1750 నాటి పేరు కనబడలేదని 'మనవాళ్ళు ఇక్కడ లేరు' అని తేల్చేస్తారు. ఉన్నారు. పక్క కౌంటీ పుస్తకంలో ఉన్నారు.

పుస్తకాలన్నీ క్షేమంగా ఉన్నాయనీ కాదు. లౌడన్ రికార్డులను 1862లో గుమస్తా అమెరికా అంతర్యుద్ధం దారిలో లేకుండా దక్షిణానికి తరలించాడు కాబట్టి మిగిలాయి. ఫెయిర్‌ఫాక్స్, ప్రిన్స్ విలియం కౌంటీల పాత పుస్తకాలు కొన్ని పోయాయి. కాబట్టి ఏ కచేరీలో వెతకాలో తెలియడం ఎంత ముఖ్యమో, అక్కడ ఎందుకు దొరక్కపోవచ్చో తెలియడమూ అంతే ముఖ్యం.

యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్‌లలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళన్నీ లౌడన్‌లోనివే. ఇల్లు కొనేటప్పుడు హక్కు పత్రాలు సరిచూసే టైటిల్ కంపెనీ కొన్ని దశాబ్దాల వెనక్కి మాత్రమే చూస్తుంది, అంతకు మించి అవసరం రాదు. కుతూహలం ఉన్నవాళ్ళకు మాత్రం ఆ ఒక్క వాక్యమే తాళంచెవి.

గీత వయసులో ఆ రెండు కౌంటీల కన్నా పెద్దది

ఇక అసలు సంగతి. పలక ఒక వైపు 1757 అంటుంది, రెండో వైపు 1759 అంటుంది. చదివినవాడు ఈ గీత ఆ రెండు సంవత్సరాల్లోనే ఎప్పుడో పడిందనుకుంటాడు. కాదు. గీత పుట్టింది 1742లో.

ఆ ఏడు ప్రిన్స్ విలియం నుంచి ఫెయిర్‌ఫాక్స్‌ను విడదీస్తూ వలస శాసనసభ చట్టం చేసింది. ఆక్వోక్వాన్ నది, బుల్ రన్ వాగు వెంట పైకి వెళ్ళి, బుల్ రన్ ప్రధాన పాయ మొదలు నుంచి బ్లూ రిడ్జ్ కొండల్లోని ఆష్బీ కనుమ దాకా తిన్నగా గీత గీసింది. దానికి ఉత్తరాన ఉన్నది ఫెయిర్‌ఫాక్స్. పదిహేనేళ్ళకు ఆ ఫెయిర్‌ఫాక్స్‌లో పడమటి భాగం లౌడన్ అయింది. అప్పటికే ఆ భాగం కామెరాన్ పేరుతో వేరే చర్చి పారిష్‌గా ఉండేది. ఇంకో రెండేళ్ళకు గీతకు దక్షిణాన ఉన్న ప్రిన్స్ విలియం ముక్క ఫాకియర్ అయింది. కూతుళ్ళిద్దరూ తల్లుల మధ్య పడిన గట్టునే పంచుకున్నారు. ఇప్పుడు పటం తీసి చూసినా ఆ గీత పడమటి ముక్క బద్ద పెట్టి గీసినట్టే ఉంటుంది. దాని పక్కన వాగు వెంట వంకర్లు తిరిగే గీతతో పోలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

తిన్నటి గీత పటం మీద తేలిక, అడవిలో కష్టం. ఆ రోజుల్లో కొలిచేవాడి చేతిలో ఉన్నవి దిక్సూచి, 66 అడుగుల గొలుసు. దిక్సూచి ముల్లు అసలు ఉత్తరాన్ని చూపదు, అయస్కాంత ఉత్తరాన్ని చూపుతుంది. ఆ రెండింటి మధ్య కోణం ఏళ్ళు గడిచేకొద్దీ మారుతుంది. నలభై ఏళ్ళ కిందటి లెక్క పట్టుకుని అదే కోణంలో నడిస్తే వేరే చోట తేలుతారు. గొలుసును వాలు నేల మీద పరిస్తే దూరం ఎక్కువ వస్తుంది. గుర్తు పెట్టుకున్న తెల్ల ఓక్ చెట్టు పడిపోతే ఆ మూల ఎక్కడో సాక్ష్యాలతో తేల్చుకోవాలి. మన దానశాసనాలు తూర్పున ఫలానా చెరువు, దక్షిణాన ఫలానా పుట్ట అని ఎల్లలు చెప్పి, చివర హద్దు మీరినవాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడని శాపం ఎందుకు పెట్టాయో ఇలాంటి గీతలు చూస్తే అర్థమవుతుంది. వర్జీనియా దస్తావేజుల్లో శాపాలు లేవు, దావాలున్నాయి.

లౌడన్ తూర్పు గీత కూడా 1757లో పడ్డచోట లేదు. 1798లో ఆ వైపు ముక్క ఒకటి తిరిగి ఫెయిర్‌ఫాక్స్‌కు పోయింది. '1757లో ఏర్పడింది' అని చదివి, ఇప్పటి పటమే అప్పటి పటం అనుకుంటే పొరపాటు.

పలక గీత మీదే ఉందనుకోవడం ఇంకో పొరపాటు. గుంజ పాతేది రోడ్డు శాఖ ఆధీనంలోని జాగాలో, చూపుకు అడ్డం రాని చోట, వీలైతే కారు ఆపుకునే జాగా ఉన్న చోట. అసలు గీత దానికి అటో ఇటో ఉండవచ్చు. పన్ను ఎవరికి కట్టాలన్న తగాదాలో ఈ పలక సాక్ష్యం కాదు.

గీత ఎవరికి లెక్క

'పొలిమేర గురించే రాయాలంటే ఎవరు చదువుతారు, అంతా కొలతలూ తారీఖులే కదా' అంటారు. నాకూ ఈ అనుమానం ఉండేది. గవర్నరు పేరు కన్నా గొలుసు లెక్క ఏం రుచి? కానీ ఈ గీతలు ఎవరి బతుకును కోశాయో చూస్తే అనుమానం పోతుంది.

1793లో వర్జీనియా ఒక చట్టం చేసింది. స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివారు ప్రతి ఒక్కరూ తమ ఊరి లేదా కౌంటీ గుమస్తా దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. వయసు, రంగు, ఎత్తు, ముఖం మీదా చేతుల మీదా మచ్చలు, ఎవరి దగ్గర ఎలా విడుదలయ్యారు అన్నవి పుస్తకంలో రాసి నకలు ఇస్తారు. కౌంటీలో మూడేళ్ళకోసారి ఆ కాగితం కొత్తది తీసుకోవాలి. 1801లో ఇంకో ముడి పడింది. పని చూపించకుండా ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి మారితే దిమ్మరి కింద పట్టుకోవచ్చు. 1806 చట్టంతో, కొత్తగా విడుదలైనవాళ్ళు పన్నెండు నెలల్లో రాష్ట్రమే వదిలిపోవాలి, అనుమతి తెచ్చుకుంటే తప్ప. లౌడన్‌లోని మిడిల్‌బర్గ్ నుంచి ఫాకియర్‌లోని అప్పర్‌విల్‌కు పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే తెల్ల రైతుకు కౌంటీ గీత ఒక మాట మాత్రమే. అదే దారిలో అదే రోజు నడిచే నల్ల కమ్మరికి అది జేబులో కాగితం ఉందో లేదో తడుముకునే చోటు. పలకల మీద ఇప్పటిదాకా వీరుల పేర్లున్న ఆ రెండు వరుసల్లో ఉండాల్సింది ఇది కాదా?

ఇంకా వెనక్కి పోతే, ఈ ప్రాంతానికి ఇంగ్లీషువాళ్ళు ఒప్పుకున్న మొదటి హద్దు కౌంటీ గీత కాదు. 1722లో ఆల్బనీలో వర్జీనియా గవర్నరు స్పాట్స్‌వుడ్ ఇరొక్వాయి ఆదివాసీ జాతులతో ఒప్పందం చేసుకున్నాడు. పొటోమాక్ నదికి దక్షిణానికీ, బ్లూ రిడ్జ్ కొండలకు తూర్పుకూ వాళ్ళు గవర్నరు అనుమతి లేకుండా రాకూడదు. ఆ గీత పడ్డాకే ఇటువైపు పొలాలు, కౌంటీలు పుట్టుకొచ్చాయి. 1744 లాంకాస్టర్ ఒప్పందంతో ఆ గీతా చెరిగిపోయింది. 'ఫెయిర్‌ఫాక్స్ నుంచి ఏర్పడింది' అన్న వాక్యం తల్లి కౌంటీ పేరు చెబుతుంది, తల్లికి ముందున్నవాళ్ళ ఊసు ఎత్తదు.

లౌడన్ వాయవ్య అంచు ఇంకా వింత. బ్లూ రిడ్జ్ మీద ఆ గీతకు అవతల ఉన్న జెఫర్సన్ కౌంటీ 1863 దాకా వర్జీనియాదే. యుద్ధం నడుమ వెస్ట్ వర్జీనియా పుట్టి, కౌంటీ గట్టు కాస్తా రాష్ట్ర సరిహద్దయింది. వర్జీనియా దావా వేసింది, 1871లో సుప్రీంకోర్టులో ఓడింది. పొలిమేర కథ నీరసమని ఎవరనగలరు?

నూరు మాటల ఖరీదు

అభ్యంతరాలూ ఉన్నాయి, చిన్నవి కావు.

మొదటిది చోటు. వర్జీనియా పలక పాఠం సుమారు నూరు ఇంగ్లీషు మాటల్లో సర్దాలి. గంటకు 55 మైళ్ళ వేగంతో పోయే కారు సెకనుకు 80 అడుగులు దాటుతుంది. అంగుళం ఎత్తు అక్షరం స్పష్టంగా చదవగలిగే దూరం ముప్పై, నలభై అడుగులు. అంటే పలక చదువుకోవడానికి చిక్కేది అర సెకను. నూరు మాటలు చదవడానికి పాతిక సెకన్లు పడుతుంది, ఆ లోపు కారు రెండు వేల అడుగులు పోతుంది. కాబట్టి బండి ఆపనివాడికి శీర్షిక తప్ప ఏదీ అందదు. అందుకే 'కౌంటీ పేరు, ఒక గొప్పవాడి పేరు చాలు' అంటారు. నేను దీన్ని తిరగేసి చూస్తాను. ఆపనివాడు ఎలాగూ చదవడు. ఆపి దిగినవాడు చదవడానికే దిగాడు, వాడికి సరుకు ఇవ్వండి.

రెండోది డబ్బు. 1927లో మొదలైన ఈ పలకల పథకానికి రాష్ట్రం సొమ్ము 1976లో ఆగింది. అప్పటి నుంచి కొత్త పలకకు దాత కావాలి. దాత ముసాయిదా, ఆధారాలు ఇస్తాడు, రాష్ట్ర చారిత్రక వనరుల శాఖ దిద్దుతుంది, బోర్డు ఆమోదిస్తుంది, ఆ తర్వాత పోతకు పోతుంది. ముత్తాత పేరున పలకకు కుటుంబం ముందుకొస్తుంది, చర్చికి సంఘం ముందుకొస్తుంది. గీతకు ఎవరొస్తారు? పొలిమేర రెండూళ్ళదీ కాబట్టి ఏ ఊరిదీ కాదు. సరిహద్దు పలకకు దాత దొరకడం కష్టమని ఒప్పుకోవాలి. నాకు తోచే దారి ఒక్కటే. రెండు కౌంటీలూ చెరి సగం పెట్టుకోవాలి, వాటికది పెద్ద ఖర్చు కాదు.

మూడోది పోత. ఈ పలకలు ఇసుక మూసలో పోసిన అల్యూమినియం. చదునైన నమూనా మీద ఉబ్బెత్తు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి, దాని చుట్టూ తడి ఇసుక కూరి, నమూనా లాగేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. అక్షరం పక్కలు కొద్దిగా వాలుగా లేకపోతే నమూనా లాగేటప్పుడు ఇసుక విరుగుతుంది. చిన్న అక్షరాల లోపలి సున్నాలు పూడిపోయి లోహం ముద్దగా గడ్డకడుతుంది. మాటలు పెరిగితే అక్షరం చిన్నదవుతుంది, ఆ ప్రమాదమూ పెరుగుతుంది. రెండు వైపులా ఒకే పాఠమైతే ఒకసారి సరిచూస్తే చాలు. సరిహద్దు పలకకు రెండు ముఖాలూ వేరు కాబట్టి మూస రెండు సగాలకూ అక్షరాలు విడివిడిగా పేర్చి, విడివిడిగా దిద్దాలి. పోశాక తప్పు కనబడితే రబ్బరుతో చెరపలేం, మొత్తం మళ్ళీ పోయాలి. మార్షల్ లాంటి పొరపాట్లు దశాబ్దాలు నిలిచిపోయేది ఇందుకే.

నాలుగోదే నన్ను నిజంగా ఆపుతుంది. 1920ల నాటి పలక ఇప్పుడు తానే ఒక చారిత్రక వస్తువు. ఆనాటి అధికారులకు ఏది గొప్పగా కనిపించిందో, ఎవరు కనిపించలేదో అది చూపిస్తుంది. దాన్ని కరిగించి కొత్తది పోస్తే ఆ సాక్ష్యం పోతుంది. అందుకని నిలబడి ఉన్నదాన్ని పీకమని నేననను. గడ్డి కోసే యంత్రం తగిలో, కారు గుద్దో, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గుంజ విరిగో అది ఎలాగూ ఒకనాడు పడుతుంది. పడ్డప్పుడు అదే పాఠాన్ని మళ్ళీ పోయవద్దు. పాతది కౌంటీ మ్యూజియంలో పెట్టి, గీత మీద కొత్త పాఠం పెట్టండి. పడనిదానికి రంగు వేయడమే పని. సబ్బు నీళ్ళతో కడిగి ఆరనిచ్చి, చిన్న స్పాంజి రోలరుకు రంగు అతి పలచగా అద్ది ఉబ్బెత్తు అక్షరాల మీద దొర్లించాలి. రోలరు తడిసి ముద్దయితే రంగు అక్షరాల మధ్యకు కారి, తుడిచేకొద్దీ వెండి నేల మాసిపోతుంది.

లౌడన్, ఫాకియర్ల మధ్య పలక పడ్డరోజున నేనైతే రెండు వైపులా ఒకే పాఠం పెడతాను. గీత ఇద్దరిదీ కాబట్టి. పోత ఖర్చూ తగ్గుతుంది.

'ఈ గీత 1742 నాటిది. ప్రిన్స్ విలియం నుంచి ఫెయిర్‌ఫాక్స్‌ను విడదీసినప్పుడు బుల్ రన్ మొదలు నుంచి ఆష్బీ కనుమ దాకా తిన్నగా గీశారు. దీనికి ఉత్తరాన 1757లో లౌడన్, దక్షిణాన 1759లో ఫాకియర్ ఏర్పడ్డాయి. 1722 ఒప్పందం ఇరొక్వాయిలను ఈ నేల మీదికి రాకుండా ఆపాకే ఇక్కడ కౌంటీలు పుట్టాయి. 1793 చట్టం తర్వాత, బానిసత్వం ముగిసేదాకా, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివారికి కౌంటీ గుమస్తా ఇచ్చిన నమోదు కాగితమే ఆధారం. 1731 నుంచి 1742 దాకా రెండు వైపుల దస్తావేజులూ ప్రిన్స్ విలియం కౌంటీ పేరున ఉంటాయి.'

ఇంగ్లీషులోకి తెస్తే నూరు మాటల దరిదాపుల్లోనే ఉంటుంది. కొంచెం ఎక్కువైతే మొదట తీసేయాల్సింది 'తిన్నగా గీశారు' అన్న ముక్క. అది పటం చూసినవాడికి ఎలాగూ కనిపిస్తుంది.